ఓక్ కాయల వగరు కుక్కర్ విజిల్స్‌కి లొంగదు

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: కాలిఫోర్నియాలో సిమీ వ్యాలీలో ఉంటున్నారు, కాలబాసస్‌లో వేంకటేశ్వరస్వామి గుడికి వెళ్లొస్తూ దారి పక్క చెట్ల కింద రాలిన ఓక్ కాయలు ఒక సంచీడు ఏరుకొచ్చారు, పెనం మీద వేయిస్తే నోట్లో పెట్టలేకపోయారు, కుక్కర్‌లో ఆరు విజిల్స్ రానిచ్చినా అంతే. ఇండియా నుంచి వచ్చిన మీ అమ్మగారు ఒక ముక్క నమిలి ఉమ్మేసి "ఇవి గొడ్లు తినేవి" అన్నారు. మరి ఈ ప్రాంతపు ఆదివాసులైన చుమాష్ వాళ్లు వేల ఏళ్లు వీటితోనే కడుపు నింపుకున్నారంటారు కదా, ఎలా అని.

చదువుతుంటే నవ్వొచ్చింది, ఎందుకంటే పన్నెండేళ్ల కిందట నేనూ కుక్కర్‌తోనే మొదలుపెట్టాను. నాది ఎనిమిది విజిల్స్. ఆ తర్వాత దాదాపు ప్రతి ఏడాదీ చేస్తున్నాను, రెండు మూడుసార్లు ఆ పనులు నేర్పే చోట కూర్చుని చూసి నేర్చుకున్నాను కూడా. నేను చుమాష్ మనిషిని కాదు, కాబట్టి ఇది వాళ్ల వంట గురించి ఒక పక్కింటివాడు చెప్పే మాటగానే తీసుకోండి.

ముందు అసలు సంగతి. మీ నోటికి తగిలింది చేదు కాదు, వగరు. మన భాషలో ఈ రెండింటికీ వేరే మాటలు ఉండటం మన అదృష్టం, ఇక్కడివాళ్లు రెండింటినీ కలిపి చేదు అనేస్తారు. కాకరకాయది చేదు, కరక్కాయది వగరు. పచ్చి అరటికాయ కొరికితే నాలుక మొద్దుబారి, బుగ్గల లోపల ఎవరో పట్టి లాగినట్టు ఉంటుంది చూడండి, అది టానిన్ పని. అది మన ఉమ్మిలో ఉండే ప్రొటీన్లను పట్టేసుకుంటుంది, అందుకే నోరు ఎండినట్టవుతుంది. తోలు ఊనడానికి కరక్కాయ వాడేది కూడా ఈ గుణం కోసమే. ఈ టానిన్ నీళ్లలో కరుగుతుంది. చుమాష్ వాళ్ల పద్ధతి అంతా ఈ ఒక్క గుణం మీదే నిలబడింది. వాళ్లు వగరుని ఉడకబెట్టలేదు, కడిగేశారు. అది కూడా గింజని కాదు, పిండిని.

మీ కుక్కర్‌లో ఏమైందంటే, గింజ మొత్తంగా ఉంది కాబట్టి నీళ్లు లోపలి దాకా పోలేదు, పైపైన వదిలిన టానిన్ అదే నీళ్లలో ఉండిపోయింది, ఆ నీళ్లలోనే గింజ మళ్లీ ఉడికింది. పైగా ఆ వేడికి లోపలి పిండిపదార్థం ఉడికి బిగుసుకుంది. ఇక ఆ గింజలతో చేసేదేమీ లేదు, పారేయండి. మిగిలిన సంచీ బాగుంటే దాంతో మళ్లీ మొదలుపెట్టొచ్చు.

కాయల విషయం చూద్దాం. గుడి దారిలో మీరు చూసిన చెట్లు ఎక్కువగా కోస్ట్ లైవ్ ఓక్ అయి ఉంటాయి. ఆకు చిన్నది, అంచున ముళ్లు, వీపు ఉబ్బినట్టు బోర్లా తిప్పిన గిన్నెలా ఉంటుంది, చలికాలంలో కూడా ఆకు రాలదు. కాయ సన్నగా, కొనదేలి, తుపాకీ గుండులా ఉంటుంది. తీరప్రాంతపు చుమాష్ వాళ్లకి అన్నిటికంటే ఇష్టమైనది ఈ కాయే. వ్యాలీ ఓక్ కాయ దీనికంటే లావుగా పొడుగ్గా ఉంటుంది, ఒలవడానికి సుఖం, కానీ కోస్ట్ లైవ్ ఓక్‌లో నూనె ఎక్కువ, అందుకే జావకి ఆ కమ్మదనం వస్తుంది. చుమాష్ వాళ్ల నేల చిన్నదేమీ కాదు, ఇటు మాలిబు నుంచి అటు శాన్ లూయిస్ ఒబిస్పో దాకా తీరం, లోపలి కొండలు, ఎదురుగా సముద్రంలో ఉన్న దీవులు. కాబట్టి ఒక ఊరిలో దొరికే ఓక్ ఇంకో ఊరిలో దొరకదు, దొరికింది వాడుకునేవారు. మీరు వెళ్లే గుడి దగ్గర లాస్ వర్జెనెస్ వాగు ఉంది కదా, ఆ వాగు పక్కనే టాలెపాప్ అనే చుమాష్ ఊరు ఉండేది. మాలిబు అనే పేరు కూడా వాళ్లదే, హుమలివో, అలల హోరు గట్టిగా వినపడే చోటు అని.

కాయలు ముఖ్యంగా అక్టోబర్, నవంబర్‌లలో రాలతాయి. మొదట రాలినవి ఏరకండి, వాటిలో ఎక్కువ పుచ్చులే. చిన్న గుండ్రటి కన్నం ఉంటే పురుగు తిని బయటికి వెళ్లిపోయిందని అర్థం, కన్నం లేకపోయినా లోపల ఇంకా ఉండొచ్చు. బకెట్ నీళ్లలో పోయండి, తేలినవి తీసేయండి, మునిగినవి ఉంచుకోండి. (ఇది తాజా కాయలకే. బాగా ఎండిన మంచి కాయ కూడా తేలుతుంది, అది చూసి మంచివన్నీ పారబోసుకోకండి.) ఇంకో మాట, పార్కుల్లో ఏరడానికి రూల్స్ ఉంటాయి, ముందు కనుక్కోండి. తెలిసినవాళ్ల పెరట్లో చెట్టుంటే అడగండి, ఊడ్చి పారేసే బాధ తప్పిందని వాళ్లే బస్తా ఇస్తారు.

తర్వాతి పని ఎండబెట్టడం. దీన్ని ఎవరూ పట్టించుకోరు, నేనూ మొదట్లో పట్టించుకోలేదు, సంచీలోనే వదిలేస్తే నాలుగో రోజుకి బూజు వాసన, పదో రోజుకి గరాజ్ నేల నిండా తెల్ల పురుగులు, ఇంట్లో వారం రోజులు నాతో మాటల్లేవు. చుమాష్ వాళ్లు ఎండలో బాగా ఎండబెట్టి, పెద్ద పెద్ద బుట్టల్లో దాచుకునేవారు. ఆ నిల్వే వాళ్ల గాదె. ఒక ఏడు విరగకాసిన చెట్టు మరుసటి ఏడు దాదాపు ఖాళీగా నిలబడుతుంది, ఓక్ చెట్ల తీరే అంత, కాబట్టి నిల్వ చేయడం చేతకానివాడు ఈ తిండి మీద బతకలేడు. బాగా ఎండిన కాయని చెవి దగ్గర పెట్టి ఊపితే లోపల గింజ గలగలమంటుంది. అంతవరకూ ఎండనివ్వండి, రెండు మూడు వారాలు పట్టినా సరే. ఎండితే పెంకు కూడా సుఖంగా వస్తుంది.

పెంకు పగలగొట్టడానికి వాళ్లు కింద ఒక రాయి, చేతిలో ఒక రాయి వాడేవారు. కాయని నిలబెట్టి నెత్తిన ఒక్కటేస్తే నిలువునా చీలుతుంది. పడుకోబెట్టి కొడితే జారిపోయి వేలికి తగులుతుంది, ఇది అనుభవం. లోపల గింజకి పల్చని ఎర్రటి పొర ఉంటుంది, వేరుశనగ గుళ్లకి ఉన్నట్టే. ఈ పొరలో కూడా వగరు ఎక్కువ. ఆరనిచ్చి అరచేతుల మధ్య నలిపి, చేటలో పోసి చెరిగితే పోతుంది. మీ అమ్మగారు ఉన్నారు కదా, ఆ పని ఆవిడకి ఇవ్వండి, మనం నెల రోజులు నేర్చుకున్నా ఆవిడలా చెరగలేం. చుమాష్ ఆడవాళ్లది కూడా అదే పని, అదే చేతివాటం, చేట బదులు గడ్డి దుబ్బుతో అల్లిన పళ్లెంలాంటి బుట్ట, అంతే తేడా.

ఇప్పుడు దంచడం. వాళ్ల రోళ్లు రకరకాలు. కొండల్లో పెద్ద బండల మీద దంచి దంచి గుంటలు పడిన చోట్లు ఇప్పటికీ కనిపిస్తాయి, అవి కాక విడిగా మలిచిన ఇసుకరాతి రోళ్లూ ఉండేవి. నాకు అన్నిటికంటే నచ్చింది మాత్రం ఇంకోటి: లోతు లేని రాతి మీద, అడుగు లేని బుట్టని తారుతో అంటించేస్తారు. దంచేటప్పుడు పిండి చిమ్మకుండా ఆ బుట్ట గోడలా ఆపుతుంది. మన పల్లెల్లో రోటి చుట్టూ వెదురు కుదురు పెట్టి దంచేవాళ్లు చూశారా, అదే ఉపాయం. ఆ తారు ఎక్కడిదంటారా, ఆ తీరంలో నేలలోంచి దానంతటదే ఊరుతుంది, కార్పింటేరియా బీచ్‌కి వెళ్లి చెప్పులు లేకుండా నడిస్తే మీకే తెలుస్తుంది. ఆ తారుతోనే పలకలు అతికి పడవలు చేసేవారు. 1769లో స్పెయిన్ సైనికులు అక్కడ పడవ చేస్తుండగా చూసి ఆ చోటుకి వడ్రంగి పాక అనే అర్థంలో కార్పింటేరియా అని పేరు పెట్టారు.

ఒక హెచ్చరిక. కొండల్లో అలాంటి బండ రోలు కనిపిస్తే ఫొటో కోసం దాంట్లో రాయి పెట్టి దంచకండి. అది చట్టం కాపాడే చోటు, అంతకుమించి అది ఇంకొకరి అమ్మమ్మల రోలు.

మీకు మిక్సీ చాలు. పొడిగా పట్టకుండా నీళ్లు పోసి ఇడ్లీ రవ్వ కంటే మెత్తగా, దోసెపిండి కంటే కొంచెం బరకగా పట్టండి. మరీ మెత్తనయితే కడిగేటప్పుడు నీళ్లతో పోతుంది, మరీ బరకయితే రవ్వ లోపలి వగరు రాదు.

ఇక కడగడం. దీని మీదే ఎక్కువ రాస్తాను, ఎందుకంటే మిగతాదంతా ఎవరైనా చేస్తారు, ఇక్కడే అందరూ తొందరపడి పాడుచేస్తారు. చుమాష్ వాళ్లు పిండిని బుట్టలోనో, ఇసుకలో చేసిన పల్లపు గుంటలోనో పల్చగా పరిచి మీద నీళ్లు పోసేవారు, నీళ్లు పిండిలోంచి దిగి ఇసుకలోకి ఇంకిపోతాయి, వెళ్తూ వెళ్తూ వగరుని తీసుకుపోతాయి. అవి ఇంకాక మళ్లీ పోస్తారు. మళ్లీ. ఇలా గంటల తరబడి. దీనికి గడియారం లేదు, రుచే లెక్క. ఒక చిటికెడు నాలుక మీద వేసుకుని చూసి, ఇంకా ఉందంటే ఇంకా పోయడమే. ఇసుక ఎందుకంటే అది నీటిని ఆపదు, పిండిని పోనివ్వదు. కాఫీ ఫిల్టర్ చేసే పనే. కడిగాక పిండి ఒక ముద్దలా గట్టిపడుతుంది, పైనుంచి జాగ్రత్తగా ఎత్తుకుంటారు. అడుగున ఇసుక అంటిన పొరని కొంచెం నీళ్లలో కలిపితే ఇసుక అడుక్కి దిగుతుంది, పైనున్న పిండి వంచుకోవచ్చు. బియ్యంలో రాళ్లు గాలించినట్టే.

ఇంట్లో ఇసుక ఎందుకు, జల్లెడ గిన్నెలో నూలు గుడ్డ రెండు మడతలు వేసి, పిండిని రెండు వేళ్ల మందం పరిచి, కుళాయిని సన్నటి ధారగా వదలండి. ధార నేరుగా పిండి మీద పడితే అక్కడ గుంట పడి నీళ్లన్నీ ఆ కన్నంలోంచే పోతాయి, చుట్టూ పిండి అలాగే ఉంటుంది. అందుకని కాలిఫోర్నియా తెగల్లో చాలామంది పిండి మీద ఆకుల రెమ్మ పెట్టి దాని మీద నీళ్లు పోసేవారు. నేను చిల్లుల గరిటె అడ్డం పెడతాను. కరువు రోజుల్లో నీళ్లు అంతలా వదలడం మనసొప్పకపోతే ఇంకో దారి ఉంది: గాజు సీసాలో ఒక వంతు పిండి, నాలుగు వంతుల చల్లటి నీళ్లు, బాగా కలిపి ఫ్రిజ్‌లో పెట్టండి. పొద్దున్నకి పిండి అడుక్కి దిగుతుంది, పైనున్న నీళ్లు మొదటిరోజు ఫిల్టర్ కాఫీ డికాషన్ రంగులో ఉంటాయి. మెల్లగా వంపేసి మళ్లీ నింపండి, రోజుకి రెండుసార్లు. నాకు కోస్ట్ లైవ్ ఓక్‌కి ఆరు నుంచి తొమ్మిది రోజులు పట్టింది, ఒక్కో చెట్టుకి ఒక్కోలా. చివరికి ఆ నీళ్లు బియ్యం కడిగిన నీళ్లలా అవుతాయి. వంచేటప్పుడు ఒక కన్నేసి ఉంచండి, పిండి మీద తెల్లగా మీగడలా ఒక పొర పేరుకుంటుంది, అదే జావని చిక్కబరిచే సరుకు, కంగారులో దాన్ని సింకులో పోసేస్తే తర్వాత జావ నీళ్లగా మిగులుతుంది.

రుచి చూసేటప్పుడు నోట్లో వేసుకోగానే "బాగానే ఉందే" అనేయకండి. వగరు ఆలస్యంగా వస్తుంది. నమిలి, మింగి, అర నిమిషం ఆగి నాలుకతో పళ్ల వెనక రాసి చూడండి. గరగరలాడితే ఇంకా రెండు రోజులు. సరిగ్గా కడగనిది తింటే కడుపు పట్టేస్తుంది, వికారం వస్తుంది, కాబట్టి "కొంచెమే కదా" అని సర్దుకోవద్దు. గింజల అలర్జీ ఉన్నవాళ్లు అసలు ముట్టుకోవద్దు.

వేడినీళ్లతో కడిగితే త్వరగా అయిపోదా అని తర్వాత అడుగుతారు, ఇప్పుడే చెప్తున్నా: అవుతుంది, కొన్ని తెగలు గోరువెచ్చటి నీళ్లు వాడేవి కూడా. కానీ మరిగే నీళ్లయితే నూనె పోతుంది, పిండి సగం ఉడికిపోయి చిక్కబడే గుణం పోతుంది. మీకు జావ కావాలంటే చల్లటి నీళ్లే.

మనవాళ్లకి ఇది కొత్తేమీ కాదు నిజానికి. మన ఏజెన్సీ కొండల్లో మామిడి టెంకలోని జీడిని ఎండబెట్టి, దంచి, నీళ్లలో పదే పదే కడిగి వగరు పోగొట్టి అంబలి కాసుకుంటారు. టెంక అంబలి. దేశాలు వేరు, చెట్లు వేరు, గొడవ మాత్రం అదే టానిన్‌తో. మీ అమ్మగారికి ఈ మాట చెప్పి చూడండి, గొడ్ల తిండి అన్న మాట వెనక్కి తీసుకుంటారేమో.

వంట. బిగుతుగా అల్లిన బుట్టలో పిండి, నీళ్లు పోసి, నిప్పుల్లో ఎర్రగా కాల్చిన రాళ్లు అందులో వేసి ఉడికించడం కాలిఫోర్నియా అంతటా ఉన్న పద్ధతి. రాయిని తిప్పుతూ ఉండాలి, ఒకచోట ఆగితే బుట్ట కాలుతుంది. నీళ్లు కారకుండా బుట్ట అల్లడం అంటే ఆలోచించండి, చుమాష్ బుట్టలు చూస్తే మాట రాదు. కానీ చుమాష్ వాళ్లకి ఇంకో సౌకర్యం ఉండేది. దక్షిణాన కాటలీనా దీవిలో బలపం రాయి దొరుకుతుంది, అక్కడి టోంగ్వా తెగవాళ్ల నుంచి ఆ రాతి కుండలు వీళ్లకి వర్తకంలో వచ్చేవి. ఆ రాయి మంటకి పగలదు, నేరుగా పొయ్యి మీద పెట్టొచ్చు. మన ఇళ్లలో పులుసు కాచే రాచిప్ప ఉంటుంది చూడండి, సరిగ్గా అదే జాతి రాయి, అదే గుణం. మా అమ్మమ్మ రాచిప్ప నా దగ్గరుంది, నేను అందులోనే కాస్తాను, ఈ ఒక్క విషయంలో నా వంట వాళ్ల వంటకి దగ్గరగా ఉందని నాకు గొప్ప.

ఇనుప మూకుడు మాత్రం వద్దు! రెండో ఏడాది పిండి అద్భుతంగా కుదిరింది, తీసుకెళ్లి ఇనుప మూకుడులో కాచాను, పది నిమిషాల్లో బూడిద రంగు తిరిగి ఆ తర్వాత తారులా అయింది. ఇనుము, టానిన్ కలిస్తే నలుపు. శ్రీకాళహస్తిలో కలంకారీ వేసేవాళ్లు కరక్కాయ పట్టించిన గుడ్డ మీద, తుప్పు ఇనుమూ బెల్లమూ ఊరిన నీళ్లతో గీస్తే నల్ల గీత పడేది దీనివల్లే. నేను తెలియకుండా ఒక మూకుడు సిరా కాచుకున్నానన్నమాట. కడిగిన నీళ్లు కూడా తెల్లబట్టల మీద పడకుండా చూసుకోండి.

కొలత: ఒక కప్పు తడిపిండికి మూడు కప్పుల నీళ్లు, సన్నటి సెగ, చెక్క తెడ్డుతో తిప్పుతూనే ఉండాలి. పదిహేను నిమిషాలకి రాగి సంకటిలా బుడగలు పేలడం మొదలవుతుంది, చేతికి దూరంగా ఉండండి. ఇంకో పది నిమిషాలు. పల్చగా ఉంటే జావ, దగ్గరపడితే ముద్ద, చల్లారనిస్తే జున్నులా గడ్డకట్టి ముక్కలుగా కోయొచ్చు. వాళ్లు ఉప్పు వేసేవారు కాదు, చేపలతోనో మాంసంతోనో నంజుకునేవారు. అందుకే మొదటి ముద్ద మీకు చప్పగా అనిపిస్తుంది, ఆ చప్పదనమే దాని ఉద్యోగం, మన అన్నం చప్పగా ఉండదా. రొట్టెలు చేయబోతే విరిగిపోతాయి, గోధుమలో ఉండే జిగురు ఇందులో లేదు. నేనైతే ఒకసారి ఉప్పు, మజ్జిగ పోసి ఉల్లిపాయ నంజుకుని తాగాను, భలే ఉంది. అయితే దాన్ని చుమాష్ వంట అని ఎవరికీ చెప్పకండి.

వేల ఏళ్లు ఇవే తిన్నారా అన్నారు. ఇవే కాదు. చేపలు, గవ్వల జీవులు, జింక, చియా గింజలు, ఇస్లే అనే కొండ చెర్రీ గింజలు (వాటినీ నీళ్లతో కడిగి విషం పోగొట్టేవారు), చాలా ఉండేవి. దీవుల్లో ఓక్ చెట్లు తక్కువ, అందుకని అక్కడివాళ్లు ఒలివెల్లా గవ్వల నుంచి పూసలు చేసి, సుమారు 30 కిలోమీటర్ల సముద్రం దాటి తీరానికి తెచ్చి, వాటితో ఓక్ కాయలూ గింజలూ కొనుక్కెళ్లేవారు. ఆ పూసలే డబ్బు. అంటే ఓక్ కాయకి మార్కెట్ ధర ఉండేది.

తర్వాత స్పెయిన్ క్రైస్తవ గురువుల మిషన్లు వచ్చాయి, 1772లో శాన్ లూయిస్ ఒబిస్పో, 1782లో శాన్ బ్యూనవెంచురా, 1786లో శాంటా బార్బరా. గోధుమ, మొక్కజొన్న, పశువులు వచ్చాయి. చుమాష్ వాళ్లు గడ్డి నేలల్ని పద్ధతి ప్రకారం కాల్చి గింజల పంట పెంచుకునేవారు, 1793లో గవర్నర్ అరిల్యాగా అలా కాల్చడాన్ని నిషేధించాడు. ఇంత జరిగినా ఓక్ కాయ తినడం పోలేదు. 1912 నుంచి హారింగ్టన్ అనే భాషా పరిశోధకుడు ఫెర్నాండో లిబ్రాడో, మరియా సొలారెస్ లాంటి చుమాష్ పెద్దల దగ్గర కూర్చుని గుట్టలకొద్దీ కాగితాలు రాసుకున్నాడు. ఈ పద్ధతుల గురించి మనకి తెలిసినదాంట్లో చాలా భాగం వాళ్లు చెప్పిందే. శాంటా ఇనెస్‌లో వాళ్లకంటూ కేటాయించిన నేల (ఇక్కడ దాన్ని రిజర్వేషన్ అంటారు) ఉంది, మనుషులున్నారు, బుట్టలు అల్లేవాళ్లున్నారు, "ఉండేవారు" అని నేను పైన రాసినదంతా పాత పద్ధతి గురించే, మనుషుల గురించి కాదు. మీకు దగ్గర్లో థౌజండ్ ఓక్స్‌లో చుమాష్ మ్యూజియం, న్యూబరీ పార్క్‌లో సాట్వివా అనే ఆదివాసీ సంస్కృతి కేంద్రం ఉన్నాయి, పిల్లల్ని తీసుకెళ్లండి, నేను రాసిన పేరా కంటే అక్కడ రోలు ముందు నిలబడితే ఎక్కువ అర్థమవుతుంది.

మీ సంచీలో మిగిలినవి ఈరోజే బకెట్లో వేసి చూడండి. మునిగినవి ఎన్నో చెప్పండి, ఎన్ని సీసాలు కావాలో లెక్కేద్దాం. కడిగిన పిండి వెంటనే వండకపోతే ఫ్రీజర్‌లో పెట్టేయండి, నూనె ఉన్న పిండి కదా, బయట ఉంటే త్వరగా కనరు వాసన వచ్చేస్తుంది.